ఎర్ర సిరా లేని రెండేళ్లు

2022 జూన్ 6, సోమవారం. శనివారమే ఇస్తామని చెప్పి ఆపేసిన పదో తరగతి ఫలితాలు ఆ రోజు మధ్యాహ్నం వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ మొత్తమ్మీద పాసైనవాళ్లు 67.26 శాతం. కరోనాకి ముందు చివరిసారి పబ్లిక్ పరీక్షలు జరిగింది 2019లో, అప్పుడు 94.88. ఆ సాయంత్రం శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టీ తాగుతుంటే పక్కన నలుగురు మాట్లాడుకుంటున్నారు, నలుగురిదీ ఒకటే తీర్పు: "ఆ ఫోన్లే పాడు చేసేసినాయి గుంటల్ని." గుంటలంటే మా వైపు పిల్లలు.

నేను ఎచ్చెర్ల, రణస్థలం తీరం వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఆ బ్యాచ్‌కి ఎనిమిది, తొమ్మిది, పది మూడేళ్లూ నేనే మాస్టార్ని. కాబట్టి ఆ నలుగురి మాటకి నాకూ కాస్త రోషం వచ్చింది, కానీ జవాబు చెప్పలేక టీ తాగేసి వచ్చేశాను. ఎందుకంటే "ఫోన్లు పాడు చేశాయి" అన్నది పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. బడి మూయడం ఒకటి, ఇంటి దగ్గర పాఠం ఒకటి, మళ్లీ తెరవడం ఒకటి, పరీక్ష ఒకటి. ఈ నాలుగూ ఒకదానికొకటి చిక్కుపడిపోయి ఉన్నాయి. అందులో ఒక దారం పట్టుకుని లాగితే ఇంకోటి బిగుసుకుంటుంది.

ముందు ఒక చిన్న లెక్క. 2022లో పది రాసిన పిల్లలు 2020 మార్చిలో ఎనిమిదో తరగతిలో ఉన్నారు. ఆ నెల 19 నుంచి బడులు మూశారు, వారం తిరిగేసరికి ఆరు నుంచి తొమ్మిది వరకు అందరినీ వార్షిక పరీక్షలు లేకుండానే పై తరగతికి పంపేశారు. తొమ్మిదిలో ఉండగా 2021 ఏప్రిల్ 20 నుంచి మళ్లీ మూత, మళ్లీ పరీక్షలు లేవు, మళ్లీ అందరూ పాస్. అంటే ఈ పిల్లలు చివరిసారి సంవత్సరాంతపు పరీక్ష రాసింది ఏడో తరగతిలో, 2019 వేసవిలో. దాని తర్వాత వాళ్లు రాసిన వార్షిక పరీక్ష ఏదంటే, పదో తరగతి పబ్లిక్కే. ఏడు రాసి పదికి వచ్చారన్నమాట.

వీళ్లకంటే ముందున్న రెండు బ్యాచ్‌లూ పబ్లిక్ రాయలేదు. 2020లో 11 పేపర్లని 6కి కుదించి జులై 10 నుంచి పెడతామన్నారు, జూన్ 20న రద్దు చేశారు. 2021లో జూన్ 7 అన్నారు, వాయిదా వేశారు, ఆ నెలాఖరుకి అదీ రద్దయింది. దీని ప్రభావం మార్కుల్లో కనపడేది కాదు గానీ మా ఊళ్లలో బాగా తెలిసింది. మామూలుగా అయితే అన్న పది రాసే ఏడాది ఇంట్లో టీవీ గొంతు తగ్గిస్తారు, తెల్లారుజామున లేపుతారు, హాల్ టికెట్ దేవుడి పటం దగ్గర పెడతారు. అదంతా చూసి తమ్ముడికి తెలియకుండానే ఒక భయం పడుతుంది. రెండేళ్లు ఆ దృశ్యమే లేదు. "మా అన్న ఏటీ సదవనేదు మాస్టారూ, పాసైపోనాడు" అని ఒక పిల్లాడు నాతో అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు కదా.

ఇక మూసిన సంగతి. మా జిల్లాలో ఒక విచిత్రం జరిగింది. బడులు మార్చి 19న మూస్తే, శ్రీకాకుళం జిల్లాలో మొదటి కేసులు బయటపడింది ఏప్రిల్ 25న, పాతపట్నం మండలంలో. విజయనగరం జిల్లాలో అయితే మే మొదటి వారం దాకా ఒక్కటీ లేదు. రాష్ట్రంలో చివరిదాకా సున్నా మీద ఉన్న జిల్లాలు మావే. మూయడం తప్పని అనడం లేదు, అప్పుడు ఎవరికి ఏం తెలుసు. కానీ జబ్బు కనపడకుండానే బడి మూతపడేసరికి జనం దాన్ని వేసవి సెలవులు ముందొచ్చినట్టే తీసుకున్నారు. పిల్లలు పుస్తకాల సంచి అటక మీద పెట్టేశారు. జూన్, జులైల్లో కేసులు పెరిగి నిజంగా భయం పట్టుకునే నాటికి బడి అనే అలవాటు పోయి మూడు నెలలు దాటింది.

మాది మత్స్యకారుల ఊళ్ల మధ్య ఉన్న బడి. ఇక్కడి మగవాళ్లు ఏటా గుజరాత్‌లో వేరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేస్తారు. లాక్‌డౌన్‌లో వాళ్లు అక్కడే బోట్లలో చిక్కుకుపోయి, ఏప్రిల్ ఆఖర్న, మే మొదట్లో బస్సుల్లో తిరిగొచ్చారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత వచ్చిన "ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందా" అన్న ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది.

2020 వేసవిలో మాకో పని పడింది. పిల్లలందర్నీ మూడు రకాలుగా విడగొట్టి జాబితా పంపాలి. ఇంటర్నెట్‌తో ఫోనో కంప్యూటరో ఉన్నవాళ్లు హైటెక్, టీవీ గానీ రేడియో గానీ ఉన్నవాళ్లు లోటెక్, ఏదీ లేనివాళ్లు నోటెక్. ఊరూరా తిరిగి రాశాం. మే, జూన్ నెలల్లో కదా, వేరావల్ నుంచి తండ్రులు ఇంటికి వచ్చి ఉన్నారు, వాళ్ల జేబుల్లో ఫోన్లు ఉన్నాయి. కాబట్టి మా ఊళ్లలో హైటెక్ పిల్లలు చాలామందే తేలారు. ఆగస్టులో వేట మొదలైంది, తండ్రి మళ్లీ రైలెక్కాడు, ఫోనూ రైలెక్కింది. జాబితాలో మాత్రం ఆ పిల్ల హైటెక్కే.

ఇది మా ఒక్క ఊరి గొడవ కాదు. అసర్ అని గ్రామాల్లో పిల్లల చదువు మీద ఏటా జరిగే సర్వే ఒకటుంది. 2018లో దేశంలో బడి పిల్లలున్న పల్లె కుటుంబాల్లో 36.5 శాతానికి స్మార్ట్‌ఫోన్ ఉంటే, 2020కి 61.8 శాతానికి పెరిగింది. 2021కి 67.6. అప్పు చేసి కొన్నవాళ్లు నాకే తెలుసు. కానీ అదే 2021 సర్వేలో ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్న పిల్లల్లో 26.1 శాతం మందికి ఆ ఫోన్ చేతికే రాదు. ఇంట్లో ఉండడం వేరు, పదిన్నరకి పిల్ల చేతిలో ఉండడం వేరు. ఇద్దరు పిల్లలుంటే మగపిల్లాడికే ముందు అందుతుంది, అది సర్వే చెప్పక్కర్లేదు, మా వీధిలో చూస్తే చాలు.

టీవీ ఉన్నవాళ్లకి దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేశారు. పదో తరగతికి విద్యామృతం, చిన్న తరగతులకి విద్యావారధి. పాఠాలు బాగానే ఉండేవి, చెప్పిన మాస్టార్లలో కొందరు నాకంటే బాగా చెప్పారని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. కానీ టీవీలో మాస్టారు బోర్డు తుడిచేస్తే తుడిచేసినట్టే. "ఒక్క నిమిషం మాస్టారూ" అనడానికి లేదు. మా వైపు పొద్దున పూట కరెంటు పోయిందంటే ఆ రోజు పాఠం పోయినట్టే. పైగా టీవీ ఎదురుగా కూర్చున్న పిల్లకి అర్థమైందో లేదో టీవీకి తెలీదు, నాకు అసలే తెలీదు.

నేను చేసిందీ అంతకంటే గొప్పేం కాదు. వాట్సాప్ గ్రూపు పెట్టాను. రోజూ తెల్లకాగితం మీద రెండు లెక్కలు చేసి ఫొటో తీసి పెట్టేవాణ్ణి. నిమిషంలో బొటనవేళ్లు లేచేవి. ఎత్తిన బొటనవేలు బొమ్మ, ఒకటి, రెండు, పది, పదిహేను. మొదటి వారం మురిసిపోయాను. హెచ్చెమ్ గారికి కూడా చూపించాను. "చేసి పంపండి" అన్నాక నోటు పుస్తకాల ఫొటోలు వచ్చేవి, అన్నిట్లోనూ ఒకే జవాబు, ఒకే చోట ఒకే కొట్టివేత. ఎవరో ఒకరు చేస్తే మిగతావాళ్లు ఆ ఫొటో చూసి దించేశారు. ఆ ఒకరు కూడా గైడు చూసి రాశారని తర్వాత తెలిసింది. తప్పు వాళ్లది కాదు. చూసి రాయమనే కదా మనం ఫొటో పెట్టింది!

కలిసొచ్చింది ఒకటుంది, అది దాదాపు అనుకోకుండా దొరికింది. ఒక రోజు కీప్యాడ్ ఫోన్ ఉన్న పిల్లకి డౌట్ చెప్తూ, పక్కూరి పిల్లకీ అదే డౌట్ ఉందని కాన్ఫరెన్స్‌లో కలిపాను. అలా ఐదారుగురు. వీడియో లేదు, బోర్డు లేదు, పుస్తకం ఎదురుగా పెట్టుకుని మాట్లాడుకోవడమే. "రెండో లైన్లో ఏం రాశావ్?" అని అడిగితే ఆ పిల్ల గట్టిగా చదవాలి. చదువుతుంటే తప్పు వినపడుతుంది. నాకు వినపడుతుంది, తోటి పిల్లలకీ వినపడుతుంది, చాలాసార్లు చదివే పిల్లకే వినపడి "ఆగండి మాస్టారూ" అనేది. ఆ ఏడు నెలల్లో నేను నిజంగా పాఠం చెప్పానని అనుకునేది ఆ కాల్స్‌లోనే. కానీ అలా ఎంతమందికి చేయగలను? రోజుకి రెండు కాల్స్, పదిమంది. తరగతిలో నలభై చిల్లర ఉన్నారు, అలాంటి తరగతులు నాకు నాలుగు.

అక్కడే నాకు అసలు విషయం తట్టింది. పాఠం ఫోన్లో వెళ్లిందా, టీవీలో వెళ్లిందా, బోర్డు మీదా అన్నది రెండో సంగతి. పిల్ల చేసిన తప్పు ఆ రోజే ఎవరికైనా కనపడి, తిరిగి ఆ పిల్లకి చేరిందా లేదా అన్నదే మొదటిది. క్లాసులో మేం చేసే పనిలో సగం అదే. బెంచీల మధ్య నడుస్తూ భుజం మీంచి తొంగి చూసి "ఏయ్, గుర్తు మార్చలేదేం?" అనడం. సాయంత్రం నోటు పుస్తకాల దొంతర ముందేసుకుని ఎర్ర సిరాతో గీతలు కొట్టడం. ఫోన్లు పిల్లల్ని పాడు చేశాయని అంటారు గానీ, నా లెక్కలో ఫోను చేసిన నష్టం కంటే ఎర్ర సిరా ఆగిపోయిన నష్టం పెద్దది. పాఠం అటునుంచి ఇటు వెళ్లింది. తప్పు మాత్రం ఇటునుంచి అటు రాలేదు.

సరే, మరి బడి తెరిచాక ఎర్ర సిరా మళ్లీ వచ్చేయాలి కదా? అదీ అంత తేలిగ్గా కాలేదు. చాలామంది మర్చిపోయేది ఈ భాగాన్నే.

తెరిచే తేదీ మొదట సెప్టెంబర్ 5 అన్నారు, తర్వాత అక్టోబర్ 5, చివరికి నవంబర్ 2. మధ్యలో సెప్టెంబర్ 21 నుంచి తొమ్మిది, పది పిల్లలు తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారంతో డౌట్ల కోసం రావొచ్చన్నారు. ఆ అంగీకార పత్రం మీద వేలిముద్ర వేస్తూ ఒక తల్లి "గుంటకేటైనా అయితే మీరే సూసుకోవాల బాబూ" అంది. కాగితం మీద మాత్రం బాధ్యత ఆవిడదని ఉంది.

నవంబర్ 2న తొమ్మిది, పది మొదలయ్యాయి, అదే నెల 23న ఎనిమిది. మొదట్లో రోజు విడిచి రోజు, అదీ ఒంటిపూట, మధ్యాహ్నం భోజనం పెట్టి ఇంటికి పంపేయడం. రోజుల్లో సగం, రోజులో సగం, అంటే పావు బడి. గదికి ఇంతమందే కూర్చోవాలి కాబట్టి ఒక సెక్షన్‌ని రెండు గదుల్లో పెట్టాం, మాస్టారు ఒక్కడే, చెప్పిన పాఠమే గోడకి అటోసారి ఇటోసారి. మొహానికి మాస్కు. మామూలుగానే మా ఆడపిల్లలు జవాబు నోట్లో నోట్లో చెప్తారు, మాస్కు ఉన్నాక పెదవులు కదిలాయో లేదో కూడా తెలీదు. నోటు పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లి దిద్దడానికి భయం, పిల్లల చేతుల్లోంచి వచ్చినవి కదా, ఆ రోజుల్లో అలాగే ఉండేది. కొన్నాళ్లు పుస్తకాలు ఎండలో ఆరబెట్టిన మాస్టర్లు కూడా ఉన్నారు, నవ్వకండి, అందులో నేనూ ఒకణ్ణి.

దాంతో బడి తెరిచినా ఎర్ర సిరా సగమే వచ్చింది. సంక్రాంతి తర్వాత కాస్త కుదురుకుంటోంది అనుకునేలోపు ఫిబ్రవరిలో చిన్న తరగతులూ వచ్చాయి, గదులు చాలలేదు, ఏప్రిల్ ఒకటి నుంచి మళ్లీ ఒంటిపూట, 20 నుంచి మళ్లీ మూత. 2020 మార్చి 19 నుంచి 2021 ఆగస్టు 16 దాకా సుమారు పదిహేడు నెలలు. అందులో నా తొమ్మిదో తరగతి పిల్లలు బడికి వచ్చింది ఐదున్నర నెలలు, అందులోనూ మొదటి భాగం పావు బడి.

ఆ పదిహేడు నెలల్లో లెక్కల్లో ఏం పోయిందో చెప్తాను, ఇది నా సబ్జెక్టు కాబట్టి కాస్త ఓపిక పట్టండి. ఎనిమిదిలో ఒక చరరాశితో సమీకరణాలు, కారణాంకాలు. తొమ్మిదిలో బహుపదులు, రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాలు. పదిలో అవే సమీకరణాల జత, ఆ తర్వాత వర్గ సమీకరణాలు. మెట్లు అన్నమాట. సాంఘిక శాస్త్రంలో ఒక పాఠం పోతే ఆ పాఠమే పోతుంది, మిగతావి చదువుకోవచ్చు. లెక్కల్లో ఒక మెట్టు పోతే పై మెట్లన్నీ గాల్లో ఉంటాయి. సిలబస్ తగ్గించారు, మంచికే తగ్గించారు, కానీ ఈ ఏడాది భారం అని తీసేసింది వచ్చే ఏడాదికి పునాది అయి కూర్చునేది.

2021 ఆగస్టులో వాళ్లు పదిలోకి వచ్చాక మొదటి వారం పాఠం మొదలుపెట్టలేదు. బోర్డు మీద 5 − (x − 3) రాసి, బ్రాకెట్ తీసేయమన్నాను. నలభై చిల్లర మందిలో ఎక్కువమంది 5 − x − 3 అని రాశారు. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తులన్నీ మారతాయని వాళ్లకి తెలుసు, సూత్రం అడిగితే గడగడా చెప్పారు, అది ఫొటోలో చూశారు. చేతికి మాత్రం రాలేదు. ఆ ఒక్క గుర్తు తప్పుతో సమీకరణాల జత తప్పుతుంది, వర్గ సమీకరణం తప్పుతుంది, ఆఖరికి నిరూపక జ్యామితిలో దూరం కూడా తప్పుతుంది. పధ్నాలుగు పాఠాల పుస్తకంలో సగానికి ఆ చిన్న గీతే అడ్డం. మామూలు ఏడాదిలో ఎనిమిదో తరగతిలోనే వందసార్లు దాని మీద ఎర్ర సున్నా పడి ఉండేది.

ఇంకోటి రాత. పబ్లిక్ పరీక్ష మూడు గంటల పావు. ఆ ఆగస్టులో ఒక పేజీ డిక్టేషన్ ఇస్తే అరపేజీకే పెన్ను పక్కన పెట్టి వేళ్లు విరుచుకున్నారు. రాయడం అనేది తెలివికి సంబంధించింది అనుకుంటాం గానీ ముందు అది కండకి సంబంధించింది. నాగలి పట్టని చెయ్యి బొబ్బలెక్కినట్టే.

పిల్లలు కూడా వెళ్లిన పిల్లలు కాదు. ఎనిమిదిలో నా భుజం దాకా ఉన్నవాడు మీసాలతో వచ్చాడు. ప్రభుత్వం విద్యా కానుక కింద ఇచ్చిన బూట్లు చాలామందికి సరిపోలేదు, కొలతలు తీసుకున్నప్పటి కాళ్లు కావు అవి. కూర్చోబెడితే గంట కూర్చోలేరు. ప్రశ్న అడిగితే లేచి నిలబడడం మర్చిపోయారు, అది నాకు పెద్ద పట్టింపు కాదు గానీ, పక్కవాడితో దెబ్బలాడి రాజీ పడడం కూడా మర్చిపోయారు, అది ఇబ్బంది. ఇక అసలు రానివాళ్లు. రణస్థలం వైపు కంపెనీల దగ్గర లోడింగ్ పనికి కొందరు, తండ్రితో పాటు బోటెక్కి ఇద్దరు, సెంట్రింగ్ పనికని విశాఖపట్నం ఒకడు. ఇంటికెళ్లి అడిగితే ఒక తండ్రి "గుంటడు రోజుకి 400 తెత్తన్నాడు మాస్టారూ, మీరేటిత్తారు?" అన్నాడు. వెటకారం కాదు, ఆయన నిజంగానే అడిగాడు. ఊరి వలంటీరుతో, గ్రామ సచివాలయం వాళ్లతో కలిసి నాలుగు తిరుగుళ్లు తిరిగితే ముగ్గురు వచ్చారు. ఒక ఆడపిల్లకి నిశ్చితార్థం అయిపోయింది. ఆ అమ్మాయి నా కాన్ఫరెన్స్ కాల్ పిల్ల, "ఆగండి మాస్టారూ" అని తన తప్పు తనే పట్టుకునే పిల్ల.

ప్రైవేటు బడుల నుంచి మా బడికి వచ్చిన పిల్లలు వేరే సమస్య. ఫీజు కట్టలేక వచ్చారు, సీట్లు నిండాయి, మాకు బానే ఉంది, కానీ గదులూ మాస్టర్లూ పాతవే. అది ఇంకో వ్యాసం, ఇక్కడ వదిలేస్తాను.

సెప్టెంబర్ 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటింది. చెట్లు పడ్డాయి, కరెంటు పోయింది, మళ్లీ సెలవులు. అప్పటికి తెరిచి ఆరు వారాలైంది. స్టాఫ్ రూములో ఎవరో "ఈ బ్యాచ్ జాతకంలోనే ఉంది" అన్నారు. జనవరిలో మూడో వేవ్ వచ్చినప్పుడు తెలంగాణలో మూశారు, మన దగ్గర సంక్రాంతి తర్వాత నడిపారు. అప్పుడు తిట్టినవాళ్లున్నారు, నేను మాత్రం ఊపిరి పీల్చుకున్నాను.

అలా 2022 ఏప్రిల్ 27న పరీక్షలు మొదలయ్యాయి. ఇక్కడ ఒక న్యాయం చెప్పాలి. 94.88 నుంచి 67.26కి పడిన మొత్తాన్ని కరోనా ఖాతాలో రాయడం సరికాదు. 2019లో 11 పేపర్లు, బడిలో వేసే ఇంటర్నల్ మార్కులు 20 ఉండేవి. 2022కి 7 పేపర్లయ్యాయి, ఇంటర్నల్స్ తీసేశారు, నూటికి నూరూ పరీక్ష హాల్లోనే తెచ్చుకోవాలి. అంటే రెండు వేర్వేరు తక్కెళ్లతో తూచి బరువు తగ్గిందంటున్నాం. ఇంటర్నల్స్ ఎలా వేసేవాళ్లమో నాకు తెలుసు, కాబట్టి ఆ 94 మీద కూడా నాకు పెద్ద గౌరవం లేదు. కానీ తక్కెడ మారిందని చెప్పి బరువే తగ్గలేదనడం కూడా కుదరదు, ఆ పిల్లల్ని ఆగస్టులో చూసినవాణ్ణి.

మరుసటి ఏడాదికి వద్దాం, నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది ఇదే. 2023 ఫలితాల్లో రాష్ట్రం 72.26 శాతం. జిల్లాల్లో మొదటి స్థానం పార్వతీపురం మన్యానిది, 87 పైచిలుకు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కొండ ప్రాంతాలతో 2022 ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన జిల్లా అది. 2024లోనూ మన్యమే మొదటిది, 2025లోనూ మన్యమే. ఫోన్లు, సిగ్నళ్లు, యాప్‌ల లెక్కన చూస్తే ఇది తిరగబడి ఉండాలి. సవర, జాతాపు గిరిజన గూడేల్లో సిగ్నల్ కోసం కొండ ఎక్కాల్సిన చోటు అది.

మా మరదలు ఆ జిల్లాలోనే గుమ్మలక్ష్మీపురం వైపు ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలలో టీచరు. ఆ రోజుల్లో ఆమె పనిచేసే బడిలో హైటెక్ గడి దాదాపు ఖాళీ. పిల్లలంతా గూడేలకి వెళ్లిపోయారు. ఆమె, ఇంకో టీచరు కలిసి కాగితాల మీద లెక్కలు రాసి, జిరాక్స్ తీయించి, వారానికోసారి బండి వెళ్లినంత దూరం బండి మీదా, తర్వాత నడిచీ పంచేవారు. పోయిన వారం కాగితాలు తెచ్చుకుని, అక్కడే రాయి మీద కూర్చుని దిద్ది ఇచ్చేవారు. నేను రోజుకి రెండు ఫొటోలు పెట్టినప్పుడు ఆమె వారానికి ఒక కాగితం ఇచ్చింది. కానీ ఆమె కాగితం తిరిగి వచ్చింది.

మన్యం మొదట రావడానికి ఆ కాగితాలే కారణమని నేను చెప్పను, ఒక బడి కథతో జిల్లా లెక్క తేలదు. ఆమెని అడిగితే ఆమె కూడా అలా చెప్పలేదు. "హాస్టల్ బావా," అంది. "తెరిచాక మా పిల్లలు మా దగ్గరే ఉంటారు. తెల్లారి ఐదింటికి స్టడీ, రాత్రి తొమ్మిది దాకా స్టడీ. ఎవరు ఏం రాస్తున్నారో పక్కనే కూర్చుని చూస్తాం. మీ పిల్లలు నాలుగున్నరకి బెల్ కొట్టగానే వెళ్లిపోతారు కదా." నిజమే. పోయిన మెట్లు కట్టుకోవాలంటే బడి గంటల్లో కుదరదు, పదో తరగతి పాఠాలే ఆ గంటలు తినేస్తాయి. దానికి వేరే పూట కావాలి, ఆ పూట పక్కన ఒక పెద్దమనిషి కావాలి. ఆశ్రమ బడికి రెండూ కట్టడంలోనే ఉన్నాయి. మా పిల్లల సాయంత్రాలు సంతకీ, వలలకీ, చెల్లిని చూసుకోవడానికీ పోతాయి.

2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకి రాష్ట్రమంతా ట్యాబులు ఇచ్చారు. పిల్లలకి సంతోషమే, వీడియో పాఠాలు బానే ఉన్నాయి. నా అనుమానం మాత్రం పాతదే. అందులో పిల్ల తప్పు చేస్తే "తప్పు" అని వస్తుంది, సరైన జవాబు కూడా వస్తుంది. ఏ లైన్లో తప్పిందో, ఎందుకు తప్పిందో అడిగే మనిషి పక్కన ఉంటే ఆ ట్యాబు బంగారం. లేకపోతే అది ఖరీదైన వాట్సాప్ ఫొటో.

మా బడిలో ఆ జూన్‌లో పదకొండు మంది తప్పారు, అందులో తొమ్మిది మంది లెక్కల్లో. జులై 6 నుంచి సప్లిమెంటరీ. ఆ ఏడాదికి దాన్ని కూడా రెగ్యులర్ పాస్‌గానే చూస్తామన్నారు, అది మంచి పని. నెల రోజులు సాయంత్రం పూట బడి వరండాలో కూర్చోబెట్టాను. సమీకరణాల జత జోలికి పోలేదు. మొదటి వారమంతా బ్రాకెట్లు, గుర్తులు, ఎనిమిదో తరగతి పుస్తకమే. రోజూ అక్కడికక్కడే దిద్దేవాణ్ణి, పెన్ను కూడా ఎర్రదే కొన్నాను, పట్టుదలకి.

అందులో ఒకడు, మీసాల వాడే, నాలుగో రోజుకి బ్రాకెట్లు గడగడా తీసేస్తున్నాడు. పుస్తకం నా చేతికిచ్చి కాసేపు ఆలోచించి అన్నాడు.

"ఇది ఎనిమిదిలోదే కదా మాస్టారూ. అప్పుడే సెప్పీసుంటే అయిపోను కదా."

"చెప్పానురా. గ్రూపులో ఫొటో పెట్టాను."

"అవును మాస్టారూ," అన్నాడు వాడు, నవ్వకుండా. "బొటనేలు కూడా ఎట్టినాను."